చీమ తలకాయంత అక్షరం

చికిటి,
జూలై 2.

చిఠిబాక్స్ సంస్థ, బరంపురం, ఫిర్యాదుల విభాగం అధికారి గారికి,

చికిటి హైస్కూలు సాంఘికశాస్త్రం ఉపాధ్యాయుడు, భాషా అల్పసంఖ్యాకుల హక్కుల వేదిక కార్యదర్శి అనంతపద్మనాభం రాస్తున్నాడు. నమస్కారం. తెలుగులో రాస్తున్నాను. అది నా హక్కు. చదవగలిగినవారిని వెతుక్కోవడం మీ పని.

మీ చిఠిబాక్స్ అనే మెయిల్‌ని మా ఉపాధ్యాయ సహకార సంఘం కిందటి ఏప్రిల్లో మా అందరికీ తగిలించింది. సర్క్యులర్లు, సెలవులు, శిక్షణలు అన్నీ ఇకమీదట అందులోనే వస్తాయన్నారు. వస్తున్నాయి. వచ్చినట్టు గంట మోగుతోంది. ఏం వచ్చిందో మాత్రం కనబడదు, అక్షరం చీమ తలకాయంత ఉంది. మూడో తేదీ శిక్షణని ఎనిమిదో తేదీ అని చదువుకుని బరంపురం వచ్చాను. హాల్లో బెంచీలు తుడుస్తున్నారు.

సెట్టింగుల్లోకి వెళ్ళి చూశాను. వెనక రంగు మార్చుకోవచ్చు. గంట మోత మార్చుకోవచ్చు. నా పేరు పక్కన పువ్వు పెట్టుకోవచ్చు. అక్షరం పెంచుకోవడానికి మాత్రం వీల్లేదు. అక్కర్లేనివన్నీ ఇచ్చి కావలసింది ఒక్కటి ఆపేయడం నాకు కొత్తగా ఏమీ లేదు, నేను ఈ దేశంలోనే పుట్టాను.

అయ్యా, చిన్నక్షరం ఎప్పుడూ బలవంతుడి పక్షమే. బీమా కాగితంలో వాగ్దానం పెద్దక్షరం, షరతు చిన్నక్షరం. మందు డబ్బా మీద కంపెనీ పేరు పెద్దది, గడువు తేదీ చిన్నది. శిలాఫలకం మీద మంత్రి పేరు మూరెడు, రాళ్ళు మోసినవాళ్ళ పేరు అసలే ఉండదు. మీరూ ఆ బాటలోనే నడుస్తున్నారని నా ఆరోపణ. పదిహేను రోజుల్లో అక్షరం పెంచండి, లేదా ఎందుకు పెంచరో చదవగలిగేంత పెద్దగా రాయండి.

ఇట్లు,
అనంతపద్మనాభం

తా.క.: ఫోన్ చేయకండి. ఫోన్లో చెప్పింది గాలికి పోతుంది. నాకు కాగితం కావాలి.

*

బరంపురం,
జూలై 19.

గౌరవనీయులైన అనంతపద్మనాభం మాస్టారి దివ్యసముఖమునకు,

తమరి ఉత్తరం అందినది. తమరి ఫిర్యాదును సంఖ్య 118గా నమోదు చేసి ఈ నెల 6, 9, 12 తేదీల్లో తమరి చిఠిబాక్స్‌కు మూడు జవాబులు పంపియున్నాము. తమరి నుండి స్పందన లేనందున కాగితంపై రాయుచున్నాము.

విషయము: అక్షర పరిమాణము. తమరు క్రొత్త మెయిల్ రాయునప్పుడు పైన కనిపించు "అ" గుర్తును నొక్కిన అక్షరము పెద్దదగును. అప్పటికీ ఇబ్బంది ఉన్నచో కంటి వైద్యుని సంప్రదించగలరు. జతపరచిన "సమస్య తీరినది" చీటీపై సంతకము చేసి పంపగలరు.

ఇట్లు,
సుశ్మిత,
సహాయకురాలు (తాత్కాలికం)

తా.క.: మాస్టారూ, పైదంతా ఆఫీసు నమూనా చూసి రాసింది. ఇది నేను రాస్తున్నాను. ఆఫీసులో తెలుగు చదవడం వచ్చింది నాకొక్కదానికే, అందుకని తమరి ఫైలు నా నెత్తిన పడింది. నా మూడు నెలల ఉద్యోగం ఆగస్టు 31 దాకానే. అప్పటికి నా పేరు మీద ఫిర్యాదు ఏదీ మిగలకపోతే ఉంచుతారు, మిగిలితే పంపేస్తారు. ఉన్నదల్లా తమరిదొక్కటే. పంపేస్తే పెద్దబజారులో మా నాన్నగారి స్టీలు సామాన్ల కొట్టుకి వెళ్ళాలి. ఆయన ముందే చెప్పేశారు: "ఉజ్జోగం నిలబడితే నీ ఇష్టం. లేపోతే దసరా కాడ్నించి కొట్లో కూకుని బిందెలు తుడుసుకో." నేను కంప్యూటర్లు చదివాను మాస్టారూ. బిందెలు తుడవడానికి కాదు. ఒక్క సంతకం.

*

చికిటి,
జూలై 25.

అమ్మా సుశ్మితా,

ఫిర్యాదు అక్షరం చిన్నదని. దానికి జవాబు అదే చిన్నక్షరంలో మూడుసార్లు పంపారు. బావిలో పడ్డవాడికి బావిలోకి ఉత్తరం విసిరినట్టుంది.

నువ్వు చెప్పిన "అ" గుర్తు నొక్కాను. నేను రాసేది పెద్దదయింది. నాకొచ్చేది అలాగే ఉంది. అంటే నా మాట అవతలివాడికి పెద్దగా వినబడుతుంది, వాడి మాట నాకు వినబడదు. పైగా ఆ "అ" తగ్గించడం ఎలాగో తెలియక సెలవు చీటీ అదే సైజులో పంపాను. హెడ్మాస్టరు స్టాఫు రూముకి వచ్చి మరీ అడిగారు: "ఏటి పద్మనాభం, సెలవడిగితే ఇస్తాను కదా, అరుస్తావేటి?"

కంటి వైద్యుడి మాట. నాకు కళ్ళద్దాలున్నాయి. మార్చిలో మార్పించాను. పంచాంగం చదువుతున్నాను (ఖండించడానికి), పిల్లల జవాబు పత్రాలు చదువుతున్నాను, బియ్యంలో రాళ్ళు ఏరుతున్నాను. చెప్పు కరిచిందని కాలు చెక్కుకోమంటే ఎలా?

నీ ఉద్యోగం విషయం. బాధగా ఉంది. నిన్ను మూడు నెలల మీద పెట్టుకుని, వాళ్ళ తప్పుని నీ మెడకి కట్టడం అన్యాయం. దీనిమీద విడిగా నాలుగు పేజీలు రాయగలను, రాస్తాను. కానీ తీరని సమస్య తీరిందని సంతకం పెట్టలేను. ముప్పై ఏళ్ళుగా పిల్లలకి అబద్ధం రాయవద్దని చెబుతున్న చెయ్యి ఇది. అక్షరం పెంచమను. ఆ నిమిషాన సంతకం పెడతాను.

ఇట్లు,
అనంతపద్మనాభం

తా.క.: నీ ఉత్తరం మా ఆవిడ భారతీదేవికి చదివి వినిపించాను. పొరపాటయింది. రెండు రోజులుగా అన్నం వడ్డిస్తూ "ఆడపిల్ల పొట్ట కొడతారేటండీ? సంతకమే కదా, మీ ఆస్తేటి పోతాది?" అంటోంది. సత్యం గురించి అరగంట చెప్పాను. పప్పు చల్లారిపోయింది. ఈ ఉత్తరం ఆవిడే పోస్టుడబ్బాలో వేస్తానంది. మనసు మెత్తబడిందనుకుంటాను.

*

బరంపురం,
ఆగస్టు 3.

మాస్టారికి,

ఎంత పని చేశారు!

తమరి ఉత్తరం నిన్న వచ్చింది. మా అధికారి శ్యామసుందర్ పాఢి బాబు పొలసరలో పుట్టిపెరిగారు. తెలుగు మాట్లాడతారు, చదవలేరు. టపా ఆయనే విప్పుతారు. విప్పగానే నన్ను పిలిచారు. కాగితం బల్ల మీద పరిచి ఉంది. నాలుగు మూలలా పసుపు.

"ఏటమ్మా, పెళ్ళి కుదిరిందా? సెప్పనేదేటి?" అన్నారు.

"పెళ్ళి కాదు సార్, ఫిర్యాదు" అన్నాను.

"ఆరే, ఫిర్యాదుకి ఎవులైనా పసుపు రాస్తారేటి? మీవోల్లు శుభలేఖకే రాస్తారు, నాకు తెల్దా? కవరు ఎనకాల ఒడియాలో రాసుంది, చికిటి మాస్టారి ఇల్లు. ఫైలు పేరు సెప్పి ఉత్తరాలు నడిపిస్తన్నావన్నమాట. కుర్రోడు ఆయన కొడుకేనా?"

తమరికి కొడుకున్నాడో లేదో కూడా నాకు తెలియదు మాస్టారూ. చదివి వినిపిస్తానన్నాను. తమరు "అన్యాయం" అని రాసిన చోటు గబగబా దాటేశాను, దాన్ని సిగ్గనుకున్నారు. కాదన్న కొద్దీ నవ్వారు. సాయంత్రం ఆఫీసంతటికీ ఛెనాపోడా మిఠాయి పంచారు, నా పేరు మీద. తిన్నాను. ఏడుపు వస్తున్నా అది బాగానే ఉంది.

అసలు సంగతి ఇది. ఈ పొద్దున్న పాఢి బాబు అన్నారు: "పెళ్ళయితే చికిటి ఎల్లిపోతావు. ఎల్లిపోయేదానికి ఖాయం సేయడం ఎందుకు? ఇంకో పిల్లని సూస్తాను." ఫిర్యాదు తీరినా ఇప్పుడు ఉద్యోగం ఉండదు. ఆ పసుపు ఎవరు రాశారు?

ఇట్లు,
సుశ్మిత

తా.క.: అక్షరం ఎందుకు పెంచరని ఈ మెయిల్ తయారుచేసిన హరీష్‌ని అడిగాను. వయసు ఇరవై నాలుగు. "పెద్దదయితే అందం పోతాది" అన్నాడు.

*

చికిటి,
ఆగస్టు 9.

అమ్మా సుశ్మితా,

నేరస్థురాలు దొరికింది. ఒప్పుకుంది కూడా. "రాసేను. పిల్లకి మేలు జరగాలని రాసేను. ఏం, పసుపు పాపమా?" అంది. ముప్పై ఏళ్ళుగా మూఢాచారాల మీద ఉపన్యాసాలిస్తున్నవాడి ఇంట్లోంచి, వాడి చేతి రాత మీదనే పసుపు! వేదిక సభ్యులకి తెలిస్తే నా ముఖం ఎక్కడ పెట్టుకోను?

బెంగపెట్టుకోకు. మనుషులకి కారణం చెబితే అర్థమవుతుంది, చెప్పేవాళ్ళు లేకే ఈ తిప్పలు. మీ పాఢి బాబుకి నేరుగా రాస్తున్నాను. తెలుగులో కాదు. నీ కోసం నా నియమం ఒకటి సడలించి, శుభ్రమైన ఒడియాలో, నాలుగు పేజీలు. నాకు కొడుకు లేడనీ, ఉన్నది ఒక్క కూతురే, పొలసరలో పశువుల డాక్టరనీ రాశాను. స్త్రీకి పెళ్ళి కుదిరితే ఉద్యోగం తీసేయడం ఏ చట్టం ప్రకారమో అడిగాను. పసుపుకీ శుభానికీ సంబంధం లేదని ఒక పేజీ. చిన్నక్షరం మీద ఒకటిన్నర పేజీ. ఆయన పేరనే కవరు రాశాను, ఆయనే విప్పి ఆయనే చదువుకుంటారు. చదివాక ఈ అపోహ నిలబడదు. నీ కాగితం కూడా ఆ కవరులోనే పెడుతున్నాను.

ఇట్లు,
అనంతపద్మనాభం

తా.క.: రాయడం అయ్యాక చూద్దును కదా, ఇంట్లో ఉన్న దస్తా కాగితాలన్నిటికీ భారతీదేవి ముందుగానే పసుపు పూసి ఉంచింది. "మీరు ఎలాగూ ఇంకా రాస్తారు కదా" అంది. నాలుగు పేజీలు మళ్ళీ రాసే ఓపిక లేదు. కత్తెర తీసుకుని ప్రతి కాగితానికీ నాలుగు మూలలూ నీటుగా కత్తిరించేశాను. ఇప్పుడు ఎవరూ దేన్నీ అపార్థం చేసుకునే వీలు లేదు.

*

బరంపురం,
ఆగస్టు 30.

మాస్టారికి,

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. తమరు క్షేమమే కదా?

తమరి కవరు పద్నాలుగో తేదీన వచ్చింది. పాఢి బాబు విప్పారు. సగం బయటికి తీశారు, మూలలు చూశారు, కుర్చీలోంచి లేచిపోయారు. మూల కత్తిరించిన ఉత్తరమంటే చావు కబురు కదా మాస్టారూ! ఆ సంగతి తమరికి ఎందుకు తట్టలేదు? "ఒక్క మూల లేపోతేనే సావు. నాలుగు మూలలూ లేవు. జగన్నాథా, ఎంత పెద్ద సావో!" అన్నారు.

చావు కబురు లోపల చదవకూడదు, ఇంట్లో దాచకూడదు. ఆయనకది తెలుసు. మెట్ల కిందకి తీసుకెళ్ళి, ఒక్క అక్షరం చూడకుండా, కవరులో ఉన్న కాగితాలన్నీ కలిపి చింపేశారు. నేను పరిగెత్తేసరికి కాలువలో తేలుతున్నాయి. ఒక ముక్క చేతికి దొరికింది, దాని మీద "చట్టం ప్రకారం" అని మాత్రం ఉంది. ఆ తరవాత ఆయన చేతులు కాళ్ళు కడుక్కొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "పోయి తానం సేసిరా తల్లీ, రెండ్రోజులు రావద్దు" అన్నారు. ఎవరు పోయారనుకుంటున్నారో అడిగే ధైర్యం లేకపోయింది. కాదని చెప్పబోతే "ఏడుపు ఆపుకోకు" అన్నారు.

నిన్న నా చేతికి కాగితం ఇచ్చారు. ఉద్యోగం ఏడాది పాటు ఖాయం! పెద్దగుమాస్తాతో ఆయన అంటుంటే విన్నాను: "మొగపెల్లివోరింట్లో సావు. ఏడాది దాకా పెళ్ళి నేదు. పిల్ల ఎక్కడికీ ఎల్లదు. పనిలో ఉంటే మనసు కుదుటపడతాది." ఇంకో చిత్రం, నా పేరు మీద మిగిలిన ఫిర్యాదుల జాబితా తీస్తే సున్నా ఉంది. తమరి 118 ఏమయిందో తెలియదు.

మాస్టారూ, నేను బిందెలు తుడవనక్కర్లేదు. కానీ ఇది అబద్ధం మీద నిలబడ్డ ఉద్యోగం. అబద్ధమంటే సరిపడని మనిషి నాకు తెలిసి తమరొక్కరే. చెప్పేయమంటే తమరి జవాబు అందిన రోజే వెళ్ళి చెప్పేస్తాను. పోతే పోతుంది. తమరు ఏమంటే అది.

ఇట్లు,
సుశ్మిత

తా.క.: పాఢి బాబు నా ముందు ఇప్పుడు ఫోన్లో కూడా నవ్వడం లేదు. బయటికెళ్ళి నవ్వి వస్తున్నారు.

*

చికిటి,
సెప్టెంబరు 4.

అమ్మా సుశ్మితా,

ఎవరు పోయారో నాకు తెలిసింది. నేను.

మొన్న మీ సంస్థ నుంచి భారతీదేవి పేర రిజిస్టరు పోస్టు వచ్చింది. మందపాటి కాగితం, చుట్టూ నల్లగీత, లోపల ఒడియా. అక్షరం ఎంత ఉందనుకున్నావు? చింతగింజంత. కళ్ళద్దాలు తీసేసి చదివాను. మీ సంస్థ నుంచి నేను పూర్తిగా చదవగలిగిన మొట్టమొదటి ఉత్తరం ఇదే, అది నా సంతాపం.

"మా గౌరవ ఖాతాదారు స్వర్గీయ అనంతపద్మనాభం గారి మరణవార్తకు చింతిస్తున్నాము. నిజమా కాదా అని కనుక్కోవడానికి వారి చిఠిబాక్స్‌కు మూడు మెయిళ్ళు పంపాము. జవాబు రాలేదు. కావున నిజమేనని నిర్ధారించుకున్నాము. వారి ఖాతా మూసివేశాము. వారి ఫిర్యాదు 118 పరిష్కారమైనట్లు నమోదు చేశాము."

వెంటనే కూర్చుని ఆరు పేజీలు రాశాను. "నేను బతికే ఉన్నాను: కొన్ని ఆధారాలు" అని పేరు పెట్టాను. బాగా వచ్చింది. నిజం చెప్పాలంటే ఈ మధ్య రాసినవాటిలో అదే బాగుంది. కవరులో పెడుతుంటే నీ ఉత్తరం వచ్చింది. భారతీదేవి కవరు వైపు చూసి, "అది పంపితే ఆ పిల్ల గతేటి?" అని ఒక్కటే మాట అంది. ఈసారి సత్యం గురించి చెప్పకుండా కవరు పక్కన పెట్టాను.

రెండు రోజులు ఆలోచించాను. నాతో నేనే వాదించుకున్నాను. చాలా కాలానికి సమానమైన ప్రత్యర్థి దొరికాడు. తేలింది ఇది: నువ్వు అబద్ధం చెప్పలేదు. కాదు కాదని మొత్తుకున్నావు, వాళ్ళు వినలేదు. నేనూ చెప్పలేదు. బతికున్నావా అని నన్ను అడిగిన మాట నిజమే, కానీ చదవలేనంత చిన్నగా అడిగారు. కనబడని ప్రశ్నకి జవాబు చెప్పకపోవడం అబద్ధం కిందికి రాదు. పైగా ఇక్కడ తప్పు చేసింది ఆచారం, దెబ్బ తినవలసింది నువ్వు కావడం ఏం న్యాయం? ఆడపిల్ల పెళ్ళి చేసుకుంటుందని ఉద్యోగం తీస్తారు, చేసుకోదని ఉంచుతారు. ఆమె పని ఎలా ఉందో మాత్రం ఎవడూ చూడడు. ఇలాంటి చోట ఒక మనిషి చనిపోయినంత మాత్రాన న్యాయం జరుగుతుంటే, అడ్డుపడడానికి నేనెవరిని?

ఆరు పేజీలూ చింపేశాను. పాఢి బాబుకి నువ్వేమీ చెప్పకు. పని చేసుకో. ఏడాదిలో నువ్వు లేకపోతే ఆఫీసు నడవదనేలా చెయ్యి. ఆ తరవాత నేను బతికొచ్చినా నిన్ను కదపలేరు.

ఒక్కటి అడుగుతాను. ఆ హరీష్ చేత అక్షరం పెంచించు. అది స్వర్గీయ మాస్టారి ఆఖరి కోరిక అని పాఢి బాబుతో చెప్పించు. ఆఖరి కోరికల మీద నాకు నమ్మకం లేదు, ఆయనకుంది కదా. నా సంగతి బెంగ లేదు. ఖాతా లేనివాళ్ళకి సర్క్యులర్లు కాగితం మీద అచ్చు వేసి ఇవ్వాలని నియమం ఉందట. మా ప్యూను రాజా నిన్నటి నుంచి తెచ్చి ఇస్తున్నాడు. అక్షరాలు దివ్యంగా ఉన్నాయి.

తీరని సమస్యకి సంతకం పెట్టనన్నాను, గుర్తుందా? ఆ మాట మీదే ఉన్నాను. పోయినవాణ్ణి ఎవరూ సంతకం అడగరు.

ఇట్లు,

తా.క.: సుశ్మితమ్మా, నేను భారతీదేవిని. ఆయన బాగానే ఉన్నారు, ఇప్పుడే అరటికాయ వేపుడు తిన్నారు. పోయినప్పట్నించి ఒక్క ఫిర్యాదూ పంపలేదు, ఎవులితోనూ వాదించలేదు. ఇల్లు సల్లగా ఉంది. ఏడాదంటే మరీ తక్కువ. ఇంకో రెండేళ్ళు పొడిగిస్తారేమో మీ సారుని అడిగి సూడమ్మా.